లెక్క చేసేటప్పుడు, గుర్తుపెట్టుకునేటప్పుడు మెదడు తరంగాలు ఎలా మారతాయి: ఈఈజీతో మీరే చూసే పద్ధతి

ఎవరికైనా మొదటిసారి ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లనే చిన్న బిళ్లలు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను గీతగా నమోదు చేసే పద్ధతి) పెట్టినప్పుడు నేను ముందు చెప్పేమాట ఒకటే, "కళ్లు మూసుకోండి" అని. రెండు మూడు సెకన్లలోనే తెర మీద గజిబిజిగా కదులుతున్న గీత సర్దుకుంటుంది. సెకనుకు పది చొప్పున నున్నటి అలలు వరసగా వస్తాయి. కళ్లు తెరిస్తే పోతాయి. మళ్లీ కళ్లు మూయించి, "ఇప్పుడు 300 నుంచి ఏడేడు తీసేస్తూ పొండి, పైకి చెప్పొద్దు" అంటే కళ్లు మూసే ఉన్నా చాలామందిలో ఆ అలలు చిన్నబోతాయి. మనిషి కదల్లేదు, మాట్లాడలేదు, లోపల లెక్క మాత్రం మొదలైంది. అది గీతలో కనిపించింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం కొత్తగానే ఉంటుంది.

దీన్ని మొదట చూసినవాడు హాన్స్ బెర్గర్. జర్మనీలోని యేనా నగరంలో 1924లో మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రచురించాడు. ఆ పది అలల వరసకి ఆల్ఫా అని పేరు పెట్టింది ఆయనే. మనసు ఒక పని మీద పెడితే అవి తగ్గుతాయని రాసిందీ ఆయనే.

బయోమెడికల్, సైకాలజీ ప్రాజెక్టులు చేసే విద్యార్థులు, ఇంట్లో ఎలక్ట్రానిక్స్‌తో ప్రయోగాలు చేసేవాళ్లు ఆ పనిని సరిగ్గా చేయగలగాలని ఇది రాస్తున్నాను. తరంగాలు నమోదు చేయడం అంత కష్టం కాదు. వచ్చిన గీతలో ఎంత మెదడుది, ఎంత కంటిది, ఎంత దవడది అని విడదీయడమే కష్టం. అందుకే ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

మొదటి అడుగు: ప్రశ్నను చిన్నది చేసుకోండి

"ఏకాగ్రతను కొలుస్తాం" అని ప్రాజెక్టు పేరు పెట్టుకుంటే మధ్యలో దారి తప్పుతారు. ఏకాగ్రతకు ప్రత్యేకంగా ఒక తరంగం లేదు. కొలవగలిగేది ఇలా ఉండాలి: ఒకే మనిషి, ఒకే తెర ముందు, ఒకసారి తేలిక పని, ఇంకోసారి జ్ఞాపకం మీద బరువు పడే పని చేస్తే ఫలానా చోట ఫలానా తరంగం పెరిగిందా, తగ్గిందా?

తరంగాలను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతాయన్న లెక్కన విడదీస్తారు. 4 హెర్ట్జ్ లోపు డెల్టా, 4 నుంచి 8 థీటా, 8 నుంచి 13 ఆల్ఫా, 13 నుంచి 30 బీటా, ఆపైన గామా. మనం పట్టుకోవాల్సినవి రెండు. ఒకటి, తల ముందు భాగంలో నడినెత్తి గీత మీద వచ్చే థీటా. ఇది ఎక్కువగా 5 నుంచి 7 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, మనసులో లెక్కలు చేస్తున్నప్పుడు, గుర్తుపెట్టుకోవాల్సినవి ఎక్కువైనప్పుడు పెరుగుతుంది. రెండోది, తల వెనక భాగంలోని ఆల్ఫా. దీని కథ కొంచెం మెలికగా ఉంటుంది, తర్వాత చెబుతాను. బీటా, గామాల జోలికి మొదటి ప్రాజెక్టులో వెళ్లొద్దు.

రెండో అడుగు: పరికరం, లేదా పరికరం లేకుండా

చేతిలో ఏమీ లేకపోయినా మొదలుపెట్టవచ్చు. ఫిజియోనెట్ అనే ఉచిత సైట్‌లో మనసులో లెక్కలు చేసేటప్పటి ఈఈజీ డేటా ఉంది. ఉక్రెయిన్‌లో 36 మందిని ముందు ఊరికే కూర్చోబెట్టి, తర్వాత నాలుగంకెల సంఖ్యలోంచి రెండంకెల సంఖ్యను తీసేస్తూ పొమ్మని నమోదు చేశారు. ఒక్కొక్కరికి రెండు ఫైళ్లుంటాయి, విశ్రాంతిది ఒకటి, లెక్కది ఒకటి. ఎంఎన్ఈ పైథాన్ గానీ, ఈఈజీల్యాబ్ గానీ, అంటే ఈఈజీని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ఒకటి, వేసుకుని వాటిని తెరవండి. రెండూ ఉచితమే. సొంతంగా రికార్డు చేయబోయేవాళ్లు కూడా ముందు దీని మీద రెండు వారాలు చేయి తిప్పుకోవాలని నా గట్టి సలహా. శుభ్రంగా ఉన్న గీత ఎలా ఉంటుందో కంటికి అలవాటైతేనే, మీ గీతలో చెత్త ఎక్కడుందో తెలుస్తుంది.

సొంతంగా చేయాలంటే, ఒకటి రెండు చానళ్లకు (ఒక్కో ఎలక్ట్రోడ్ నుంచి వచ్చే గీత ఒక చానల్) మన దేశంలోనే తయారయ్యే బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ లాంటి చిన్న బోర్డు, ఆర్డుయినో చాలు. నాలుగు, ఎనిమిది చానళ్లు కావాలంటే ఓపెన్‌బీసీఐ బోర్డులు ఉన్నాయి. సెకనుకు 250 శాంపిళ్లు తీస్తే ఈ పనికి సరిపోతుంది. నుదుటికి కట్టుకునే బ్యాండ్లు వాడటం తేలికే, కానీ వాటి ఎలక్ట్రోడ్లు జుట్టు లేని చోటే ఉంటాయి. మనకు కావాల్సిన థీటా బలంగా దొరికేది జుట్టు మొదలయ్యాక పైన.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మనిషి తలకు తీగలు పెట్టినంతసేపు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి ఉండాలి. బోర్డు, ల్యాప్‌టాప్ రెండూ బ్యాటరీ మీదే నడవాలి. కరెంటు ప్లగ్గులో ఉన్న దేనికీ ఆ తీగలు తగలకూడదు. ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి దీనికి మినహాయింపు లేదు. కాలేజీ ప్రాజెక్టయితే ఎథిక్స్ కమిటీ అనుమతి, కూర్చునే మనిషి రాతపూర్వక అంగీకారం ముందే తీసుకోండి.

మూడో అడుగు: కూర్చునే మనిషిని సిద్ధం చేయడం

మన దగ్గర మొదటి శత్రువు కొబ్బరి నూనె. ముందురోజు తలకు నూనె పెట్టుకుని వస్తే జెల్ చర్మానికి అంటదు, గీత అంతా ఊగిసలాడుతుంది. కబురు చేసేటప్పుడే "ఉదయం షాంపూతో తలస్నానం చేసి, ఆరబెట్టుకుని రండి, నూనె, కండిషనర్ వద్దు" అని చెప్పండి. రాత్రి సరిగ్గా నిద్రపోయారా, వచ్చే ముందు కాఫీ, టీ తాగారా అని అడిగి రాసుకోండి. భోజనం చేసిన వెంటనే కూర్చోబెట్టకండి. కునుకు వస్తే థీటా దానంతటదే పెరుగుతుంది, మీరు దాన్ని ఏకాగ్రత అనుకునే ప్రమాదం ఉంది.

నాలుగో అడుగు: ఎలక్ట్రోడ్లు ఎక్కడ

1958లో హెర్బర్ట్ జాస్పర్ ప్రకటించిన పది-ఇరవై పద్ధతిని ప్రపంచమంతా వాడుతుంది. దానికి టైలర్ టేపు ఒక్కటే కావాలి. రెండు కనుబొమల మధ్య ముక్కు మొదలయ్యే గుంట నుంచి, తల వెనక మెడ పైన చేతికి తగిలే ఎముక బుడిపె దాకా నడినెత్తి మీదుగా కొలవండి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ముందు నుంచి 30 శాతం, అంటే 10.8 సెంటీమీటర్ల దగ్గర ఎఫ్‌జెడ్. సగం, 18 దగ్గర సీజెడ్. 70 శాతం, 25.2 దగ్గర పీజెడ్. 90 శాతం, 32.4 దగ్గర ఓజెడ్. చర్మం మీద చెరిగిపోయే పెన్సిల్‌తో చుక్క పెట్టండి.

ఎఫ్‌జెడ్, పీజెడ్ ఉంటే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. పోల్చుకోవడానికి చెవి తమ్మెకు ఒక క్లిప్పు, గ్రౌండ్‌కి నుదుటి మీద ఒకటి. జుట్టును పాయ తీసి, చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, జెల్ లేదా పేస్ట్ పెట్టి ఎలక్ట్రోడ్‌ను నొక్కండి. పరికరం నిరోధం చూపిస్తే 10 కిలో ఓమ్‌ల లోపు వచ్చేదాకా సర్దండి. ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. తల మీద దొరికేది మైక్రోవోల్టుల్లో, మామూలుగా 10 నుంచి 100 దాకా ఉండే సంకేతం. గుండె ఈసీజీలో దొరికేది మిల్లీవోల్టు దరిదాపుల్లో ఉంటుంది. ఆ తేడా గుర్తుంటే, సరిగ్గా అంటని ఒక్క ఎలక్ట్రోడ్ ఎంత చెడుపు చేస్తుందో అర్థమవుతుంది.

ఐదో అడుగు: నాలుగు పరీక్షలు

అసలు పని మొదలుపెట్టే ముందు ఇవి చేయించి, రికార్డు చేసి పెట్టుకోండి. ఒక నిమిషం కళ్లు మూసుకోవడం, ఒక నిమిషం తెరవడం. మూసినప్పుడు పీజెడ్‌లో ఆల్ఫా పెరగకపోతే ముందుకు వెళ్లకండి, ఎలక్ట్రోడ్ చూసుకోండి. కొద్దిమందిలో ఆల్ఫా సహజంగానే తక్కువ, అయినా ఎక్కువసార్లు తప్పు ఎలక్ట్రోడ్‌దే. తర్వాత ఐదుసార్లు కళ్లు ఆర్పమనండి, పెద్ద పెద్ద కొండలు వస్తాయి. పళ్లు బిగించమనండి, గీత దట్టంగా నల్లబడిపోతుంది. చివరగా, నోరు మూసుకునే నాలుకను అటూ ఇటూ కదపమనండి.

నాలుక పరీక్షను చాలామంది వదిలేస్తారు. కానీ మనకు అతి ముఖ్యమైనది అదే. నాలుక కొనకూ మొదలుకూ మధ్య విద్యుత్ తేడా ఉంటుంది, అది కదిలితే తల మీద నెమ్మది అలలు వస్తాయి. మనసులో లెక్క పెట్టేటప్పుడు మనకు తెలియకుండానే నాలుక కదులుతుంది. ఎక్కాలు వల్లెవేసి పెరిగినవాళ్లం కదా, "ఏడేళ్లు నలభై తొమ్మిది" అనుకోగానే పెదవులు కూడా లేస్తాయి. ఆ అలలు థీటాలాగే కనిపించవచ్చు. ఈ మనిషిలో నాలుక గీత ఎలా ఉంటుందో ముందే చూసి పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు.

ఆరో అడుగు: పని తయారు చేయడం

ప్రయోగం నిలబడేదీ, పడిపోయేదీ ఇక్కడే. "విశ్రాంతి, తర్వాత లెక్క" అని పోలిస్తే ఆ రెంటికీ మధ్య వంద తేడాలుంటాయి: కళ్లు, వేళ్లు, పెదవులు, టెన్షన్. అన్నీ ఒకేలా ఉండి జ్ఞాపకం బరువు ఒక్కటే మారాలి. దానికి ఎన్-బ్యాక్ బాగా పనికొస్తుంది. 1958లో వేన్ కిర్చ్‌నర్ వాడిన పద్ధతి ఇది.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వస్తాయి. తేలిక పనిలో, ముందే చెప్పిన ఒక అక్షరం కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. బరువు పనిలో, ఇప్పుడొచ్చిన అక్షరం రెండు అక్షరాల ముందు వచ్చినదే అయితే నొక్కాలి. క, ర, క, ల, జ, ల అని వస్తే మూడో చోట, ఆరో చోట నొక్కాలి. వింటే సులువు, చేస్తే తెలుస్తుంది. ప్రతి అక్షరానికీ పాతదాన్ని వదిలేసి కొత్తదాన్ని చేర్చుకుంటూ ఉండాలి.

తెలుగు అక్షరాలతో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ప, ష, వ, మ, య చూడటానికి దగ్గరగా ఉంటాయి. వాటిని కలిపి పెడితే మీరు జ్ఞాపకాన్ని కాదు, చూపును పరీక్షిస్తారు. క, ర, ల, జ, ణ, శ లాంటి విడివిడి ఆకారాలు ఎంచుకోండి.

కొలతలు ఇలా పెట్టుకోండి. అక్షరం అర సెకను, ఖాళీ రెండు సెకన్లు. అలా 24 అక్షరాలకు ఒక నిమిషం. రెండు పనుల్లోనూ నిమిషానికి ఎనిమిదిసార్లే నొక్కాల్సి రావాలి, అప్పుడు వేలి కదలిక సమానమవుతుంది. ఒక్కో పనికి నాలుగు నిమిషాలు. తేలిక, బరువు, బరువు, తేలిక, బరువు, తేలిక, తేలిక, బరువు అనే వరస పెట్టండి. అన్ని తేలికవీ ముందు, అన్ని బరువువీ చివర పెడితే చివర్లో అలసట కలిసిపోతుంది. సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా ఒక పూటలో తయారవుతుంది. ప్రతి అక్షరం వచ్చిన క్షణం, నొక్కిన క్షణం రికార్డులో గుర్తు పడేలా చూసుకోండి.

ముందు సాధన చేయించండి. పదింట ఎనిమిది సరిగ్గా వచ్చేదాకా రికార్డింగ్ మొదలుపెట్టొద్దు. పని మరీ కష్టమైతే మనిషి లోపల చేతులెత్తేస్తాడు, తెర చూస్తూ కూర్చుంటాడు. అప్పుడు మీరు కొలిచేది వదిలేసిన మనసుని.

ఏడో అడుగు: రికార్డింగ్

ఫ్యాన్ గాలి తీగలకు తగలకుండా చూడండి. ట్యూబ్‌లైటు, ఫోను దూరంగా. దవడ వదులుగా, పెదవుల మధ్య చిన్న సందు, నాలుకను కింది పళ్ల వెనక ఆనించి పెట్టమని చెప్పండి. కళ్లు ఆర్పడం ఆపమనొద్దు, ఆపాలన్న ప్రయత్నమే ఇంకో పని అవుతుంది. నిమిషానికోసారి కాస్త విరామం ఇవ్వండి.

ఎనిమిదో అడుగు: చెత్త తీయడం

1 నుంచి 40 హెర్ట్జ్ మధ్య ఉన్నదే ఉంచి మిగతాది వడకట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి అక్కడ నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క అంకె దగ్గరున్నదాన్నే తీసేసే వడపోత) వేయండి. డేటాను రెండేసి సెకన్ల ముక్కలు చేసి, పైకో కిందకో 100 మైక్రోవోల్టులు దాటిన ముక్కలను పారేయండి. ఎక్కువ చానళ్లున్నవాళ్లు ఐసీఏ పద్ధతితో, అంటే కలిసిపోయిన సంకేతాలను వేర్వేరు మూలాలుగా విడదీసే గణితంతో, కంటి భాగాన్ని విడదీయవచ్చు. ఒకటి రెండు చానళ్లతో అది కుదరదు, ముక్కలు పారేయడమే దారి. రెండు పనుల్లో ఎన్నెన్ని ముక్కలు పోయాయో రాయండి.

కండరాల విషయంలో కొంచెం ఆగి చెప్పాలి. ఒకసారి ఒక విద్యార్థిని తన గ్రాఫులు తెచ్చి చూపించింది. లెక్క చేసేటప్పుడు బీటా రెట్టింపయింది, ఎంతో సంతోషంగా ఉంది. ఎలక్ట్రోడ్లు కణతల దగ్గర పెట్టింది. "నీ వేళ్లు కణతల మీద ఆనించి, 400 నుంచి పదమూడేసి తీసేస్తూ పో" అన్నాను. మూడో సంఖ్య దగ్గరకొచ్చేసరికి తన వేళ్ల కింద కండరం ఉబకడం తనకే తెలిసింది. మొహం చిన్నబుచ్చుకుంది, కానీ ఆ సాయంత్రమే ఎలక్ట్రోడ్లు నడినెత్తికి మార్చి మళ్లీ మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాలో విథమ్, ఆమె సహచరులు 2007లో ఇంకా కఠినంగా తేల్చారు. మందుతో కండరాలన్నిటినీ తాత్కాలికంగా పనిచేయకుండా చేసి రికార్డు చేస్తే, 20 హెర్ట్జ్ పైన తల మీద దొరికేదాంట్లో చాలా భాగం మాయమైంది. అది కండరాలదే అన్నమాట. బీటా, గామాల జోలికి వెళ్లొద్దని మొదట్లో అన్నది అందుకే.

తొమ్మిదో అడుగు: లెక్క కట్టడం

మిగిలిన ముక్కల మీద వెల్చ్ పద్ధతిలో (ముక్కముక్కకీ లెక్కకట్టి సగటు తీసే పద్ధతి) స్పెక్ట్రమ్ తీయండి, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శక్తి ఉందో చూపే పట్టిక. రెండు సెకన్ల ముక్కకు అర హెర్ట్జ్ దాకా విడిగా కనిపిస్తుంది, మనకది చాలు. ముందు కళ్లు మూసిన నిమిషంలో ఈ మనిషి ఆల్ఫా శిఖరం ఎక్కడుందో చూడండి. ఒకరికి 9, ఇంకొకరికి 11 ఉంటుంది. 9 దగ్గరున్నవాళ్లకు థీటాని 7 దగ్గరే ఆపండి, లేకపోతే ఆల్ఫా అంచు థీటాలో కలిసి తప్పుడు లెక్క వస్తుంది.

తర్వాత బరువు పనిలోని శక్తిని తేలిక పనిలోని శక్తితో భాగించండి. ఉదాహరణకు ఎఫ్‌జెడ్ థీటా తేలిక పనిలో 6, బరువు పనిలో 9 అయితే నిష్పత్తి 1.5, డెసిబెళ్లలో దాదాపు 1.8 పెరిగినట్టు. పీజెడ్ ఆల్ఫా 20 నుంచి 10కి పడితే 3 డెసిబెళ్లు తగ్గినట్టు. పుర్రె మందం, జుట్టు, జెల్ ఒక్కొక్కరికీ వేరు కాబట్టి ఇద్దరి అంకెలను నేరుగా పోల్చకండి. ఎవరి నిష్పత్తి వారిదే.

ఒక్కరితో ఏదీ తేలదు. కనీసం పదిమందిని కూర్చోబెట్టండి. మార్పేమీ లేకపోతే ఒక్కొక్కరిలో పెరగడానికీ తగ్గడానికీ సమాన అవకాశమే, బొమ్మా బొరుసూ లాగా. పదిమందిలో తొమ్మిది మందికో పదిమందికో ఊరికే పెరిగే అవకాశం 1024లో 11, అంటే నూటికి ఒకటి చిల్లర. ఇంత సులువైన లెక్కతో మొదలుపెట్టి, తర్వాత పెద్ద పరీక్షలకు వెళ్లవచ్చు.

పదో అడుగు: వచ్చినదాన్ని చదవడం

మెలికగా ఉంటుందన్న ఆల్ఫా కథ ఇది. ఎన్-బ్యాక్‌లో బరువు పెరిగితే తల వెనక ఆల్ఫా సాధారణంగా తగ్గుతుంది. అలాన్ గెవిన్స్ బృందం 1997లో ఇలాంటి పనిలోనే ముందు థీటా పెరగడం, ఆల్ఫా తగ్గడం చూపించింది. అదే మీరు సాల్ స్టెర్న్‌బర్గ్ 1966 నాటి పని పెట్టారనుకోండి. రెండు గానీ, నాలుగు గానీ, ఆరు గానీ అంకెలు చూపించి, తెర ఖాళీగా మూడు సెకన్లు ఉంచి, తర్వాత ఒక అంకె చూపించి "ఇది ఇందాక ఉందా?" అని అడగడం. ఆ ఖాళీ సమయంలో, దాచుకున్న అంకెలు ఎక్కువైన కొద్దీ ఆల్ఫా పెరుగుతుందని ఓలే యెన్సెన్, ఆయన సహచరులు 2002లో చూపించారు.

ఇది చూసి విద్యార్థులు తమ డేటా తప్పనుకుని కంగారుపడతారు. తప్పు కాదు. ఎన్-బ్యాక్‌లో కన్ను ఎడతెగకుండా కొత్త అక్షరాన్ని అందుకోవాలి, చూపు భాగం తలుపులు తెరిచి ఉంచాలి. స్టెర్న్‌బర్గ్ ఖాళీలో బయటి నుంచి వచ్చేది ఏదైనా అడ్డమే, ఆ తలుపు మూయాలి. ఆల్ఫా ఆ మూయడానికి గుర్తు అని చాలామంది పరిశోధకుల వివరణ, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. కాబట్టి "ఆల్ఫా తగ్గితే ఏకాగ్రత, పెరిగితే సోమరితనం" అని ఒక్క వాక్యంలో చెప్పే యాప్‌ల స్కోర్లను మీ రిపోర్టులో ఆధారంగా పెట్టకండి.

థీటా పెరిగినప్పుడూ జవాబుల వేగం, తప్పుల లెక్క పక్కన పెట్టి చూడండి. థీటా పెరిగి జవాబులు సరిగ్గా ఉంటే మనిషి పనిలో ఉన్నాడు. థీటా పెరిగి, జవాబులు ఆలస్యమై, తప్పులు ఎక్కువైతే అది కునుకు. కొందరిలో ఈ థీటా కంటికి కనిపించనంత చిన్నది, వాళ్ల జ్ఞాపకం తక్కువని అర్థం కాదు.

తర్వాతి ప్రయోగం

ఇదంతా ఒకసారి సాఫీగా వచ్చాక, చేయదగ్గ తర్వాతి ప్రయోగం మన అవధానంలోనే ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడుగుతుంటే, అవధాని పూర్తికాని పద్యాలను లోపల దాచుకుంటూ, అప్రస్తుత ప్రసంగానికి జవాబిస్తూ, మధ్యమధ్య మోగే గంటలను లెక్కపెట్టుకుంటాడు. వర్కింగ్ మెమరీకి, అంటే పని జరుగుతుండగా మనసులో పట్టి ఉంచుకునే జ్ఞాపకానికి, ఇంతకు మించిన పరీక్ష నాకు తెలియదు. అవధాని గొంతెత్తి పద్యం చదువుతున్నప్పుడు మాత్రం ఈఈజీ పనికిరాదు, నాలుకా దవడా అన్నిటినీ ముంచేస్తాయి. కానీ గంటల లెక్కను విడిగా తీసుకోవచ్చు.

తేలిక పని జరుగుతుండగా స్పీకర్లో నిమిషానికి నాలుగు నుంచి ఎనిమిది సార్లు, వరస లేకుండా చిన్న గంట మోగించండి. సగం నిమిషాల్లో "గంటలను పట్టించుకోవద్దు" అనండి, సగంలో "లోపల లెక్కపెట్టండి" అనండి. తెర, చప్పుడు, వేలు అన్నీ ఒకటే, మారేది లెక్క ఒక్కటే. నిమిషానికి గంటలు ఎనిమిది లోపే ఉంచండి, అంతకు మించితే మనిషి గంట మోగిన ప్రతిసారీ పెదవులు కదపడం మొదలుపెట్టవచ్చు. ఎన్ని మోగాయని నిమిషం అయ్యాకే, రికార్డింగ్‌లో గుర్తు వేసి, ఒక్కసారి అడగండి.